తూకం తగ్గితే చాలదు: యువ క్రీడాకారులు కండ పోకుండా కొవ్వు తగ్గించుకోవడం ఎలా?

పుదుచ్చేరి పట్టణంలోని సముద్రతీర రహదారిపై తెల్లవారుజామున వాహనాలను అనుమతించరు. ఆ వేళలో అక్కడ నడిచేవారితో పాటు పరుగు తీసే యువతీయువకులు కూడా కనిపిస్తారు. ఉక్కపోత ఎక్కువగా ఉండే ఈ తీరంలో ఒక గంట పరుగు తీసి తూకం చూసుకుంటే ముల్లు కిలో వరకు వెనక్కు వెళ్ళడం వింత కాదు. ఆ తగ్గినది కొవ్వేనని అనేకులు సంతోషిస్తారు. నిజానికి అందులో దాదాపు అంతా చెమటగా పోయిన నీరే. రెండు పూటలు నీళ్ళు తాగి భోజనం చేస్తే ఆ కిలో తిరిగి వచ్చేస్తుంది.

క్రీడల్లో రాణించాలనుకునే యువతకు ఈ తేడా తెలియకపోతే నష్టం చిన్నది కాదు. కుస్తీ, బాక్సింగ్, బరువులెత్తడం, జూడో వంటి క్రీడల్లో తూకాన్ని బట్టే విభాగాలు ఉంటాయి. పరుగు, జిమ్నాస్టిక్స్, బ్యాడ్మింటన్ వంటి వాటిలో తేలికైన దేహం మేలు చేస్తుందన్న నమ్మకం ఉంది. ఈ ఒత్తిడిలో తిండి మానేసి, నీళ్ళు మానేసి తూకం తగ్గించుకునేవారు కొవ్వుతో పాటు కండను, కొన్నిసార్లు ఆరోగ్యాన్ని కూడా పోగొట్టుకుంటున్నారు. తగ్గవలసినదేమిటి, నిలుపుకోవలసినదేమిటి, అందుకు మార్గమేమిటి అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

తూకం చెప్పనిది ఏమిటి?

తూకపు యంత్రం దేహంలోని మొత్తం బరువునే చూపుతుంది. అందులో నీరెంత, కండ ఎంత, కొవ్వెంత, ఎముక ఎంత అన్నది అది చెప్పలేదు. తిండి తగ్గించిన మొదటి వారంలో తూకం వేగంగా పడిపోవడానికి కారణం ఇక్కడే ఉంది. మన కండరాల్లోనూ కాలేయంలోనూ పిండిపదార్థం గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు కూడా నిల్వ ఉంటుంది. అన్నం ఒక్కసారిగా మానేస్తే ఆ నిల్వ కరిగి, దానితో పాటు నీరూ పోతుంది. తూకం తగ్గుతుంది కాని కొవ్వు అంతగా తగ్గదు.

ఒక కిలో దేహపు కొవ్వులో సుమారు 7,700 కిలోకేలరీల శక్తి దాగి ఉంటుంది. తింటూ ఉండగా అంత శక్తిలోటును రెండు మూడు రోజుల్లో తెచ్చుకోవడం సాధారణంగా సాధ్యం కాదు. కనుక ‘మూడు రోజుల్లో మూడు కిలోలు’ అని ఎవరైనా చెబితే, ఆ మూడు కిలోల్లో అధికభాగం నీరేనని గ్రహించాలి.

వంద గ్రాముల పాఠం

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల 50 కిలోల కుస్తీ విభాగంలో వినేశ్ ఫోగాట్ ఆగస్టు 6న మూడు పోటీలు గెలిచి ఫైనల్‌కు చేరారు. టోక్యో ఒలింపిక్స్‌లో ఆమె పోటీ చేసినది 53 కిలోల విభాగంలో. అంతర్జాతీయ కుస్తీ నిబంధనల ప్రకారం పోటీ రెండు రోజులు జరిగితే రెండవ రోజు ఉదయం కూడా తూకం చూస్తారు. తొలిరోజు పోటీల అనంతరం ఆమె తూకం పరిమితిని రెండు కిలోలకు పైగా మించిపోయింది. రాత్రంతా వ్యాయామం చేసినా, జుట్టు కత్తిరించుకున్నా, 7వ తేదీ ఉదయం 100 గ్రాములు ఎక్కువే ఉన్నట్లు తేలడంతో ఆమెను అనర్హురాలిగా ప్రకటించారు.

అదే ఒలింపిక్స్‌లో అమన్ సెహ్రావత్ కాంస్య పతక పోటీకి ముందు రాత్రి సుమారు పది గంటల్లో 4.6 కిలోలు తగ్గించుకుని 57 కిలోల విభాగంలో పతకం గెలిచారు. ఒకే క్రీడలో, ఒకే పద్ధతిలో ఒకరికి పతకం దక్కింది, మరొకరికి చేజారింది. ఆఖరి రాత్రి నీటిని పిండి తీసే పద్ధతి ఎంత అనిశ్చితమైనదో ఈ రెండు ఉదంతాలు కలిసి చెబుతాయి.

తెలుగునాట కూడా ఇటువంటి చిక్కు తెలియనిది కాదు. నిజామాబాద్‌కు చెందిన బాక్సర్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయ్యారు. ఆ విభాగం పారిస్ ఒలింపిక్స్‌లో లేదు. ఆమె 50 కిలోలకు మారవలసి వచ్చింది. 2023లో న్యూఢిల్లీలో ఆ విభాగంలోనూ ప్రపంచ విజేతగా నిలిచారు కాని, పారిస్‌లో ప్రీక్వార్టర్ ఫైనల్‌లో చైనా క్రీడాకారిణి వు యూ చేతిలో ఓడిపోయారు. ఆ ఓటమికి తూకమే కారణమని చెప్పడం సరి కాదు. అయితే ముందే సన్నగా ఉన్న క్రీడాకారులకు చివరి రెండు కిలోలు తగ్గించడమే అన్నిటికన్నా కష్టం. తగ్గించడానికి అక్కడ కొవ్వు పెద్దగా మిగిలి ఉండదు.

ప్రాణాపాయం కూడా ఊహ కాదు. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కళాశాల కుస్తీ క్రీడాకారులు తూకం తగ్గించుకునే ప్రయత్నంలో మరణించారు. వేడి గదుల్లో, చెమట ఆవిరి కాని దుస్తులు ధరించి వ్యాయామం చేస్తూ నీటిని దూరం పెట్టడం ఆ మరణాలకు దారితీసింది. ఆ తరువాత అక్కడి కళాశాల క్రీడా సంఘం ఆవిరి గదులను, రబ్బరు దుస్తులను నిషేధించింది. ప్రతి క్రీడాకారుడు దిగగల కనిష్ఠ బరువును, దేహంలో నీరు తగినంత ఉన్నదని పరీక్షించిన తరువాత, సీజను ఆరంభంలోనే నిర్ణయించే పద్ధతిని ప్రవేశపెట్టింది.

ఎంత వేగంగా తగ్గాలి?

నార్వేలో ఉన్నత స్థాయి క్రీడాకారులపై జరిగిన ఒక అధ్యయనం 2011లో ప్రచురితమైంది. వారిని రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టు వారానికి దేహబరువులో 0.7 శాతం చొప్పున, మరొక జట్టు 1.4 శాతం చొప్పున తగ్గాలని లక్ష్యం పెట్టారు. రెండు జట్లూ బరువులతో వ్యాయామం చేశాయి. చివరకు రెండు జట్లూ తగ్గిన మొత్తం బరువు ఇంచుమించు సమానమే. కాని నెమ్మదిగా తగ్గినవారిలో కొవ్వు కాని దేహభాగం సుమారు 2 శాతం పెరిగింది. వేగంగా తగ్గినవారిలో అటువంటి పెరుగుదల కనిపించలేదు.

దీనిని ఒక ఉదాహరణతో చూద్దాం. 60 కిలోల బరువున్న క్రీడాకారుడు 3 కిలోలు తగ్గాలనుకున్నాడు. వారానికి 0.7 శాతం అంటే సుమారు 420 గ్రాములు. ఈ లెక్కన అతనికి ఏడు వారాలు పడుతుంది. అందుకు రోజుకు సుమారు 460 కిలోకేలరీలు తక్కువ తింటే చాలు. రెండు చిరుతిళ్ళు, ఒక తీపి పానీయం మానుకుంటే ఇంచుమించు సరిపోయే మొత్తమిది. పోటీ తేదీ తెలిసిన రోజునే క్యాలెండర్ చూసుకుని వెనక్కు లెక్కించుకోవాలి. పోటీకి పది రోజుల ముందు మొదలుపెట్టేవారికి నీటిని పోగొట్టుకోవడం తప్ప మరో దారి ఉండదు.

కండను కాపాడే ఆహారం

తిండి తగ్గినప్పుడు దేహం కొవ్వును మాత్రమే కాక కండరాలను కూడా కరిగించుకుని శక్తి పొందుతుంది. దీనిని అడ్డుకునేవి ప్రధానంగా మూడు: చాలినన్ని మాంసకృత్తులు, బరువులతో వ్యాయామం, నిద్ర.

మాంసకృత్తుల సంగతి ముందు చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సాధారణ వయోజనులకు రోజుకు కిలో దేహబరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులను సిఫారసు చేస్తోంది. కఠిన శిక్షణలో ఉన్న క్రీడాకారులకు 1.2 నుంచి 2 గ్రాముల వరకు అవసరమని అంతర్జాతీయ క్రీడా పోషకాహార నిపుణుల అభిప్రాయం. కొవ్వు తగ్గించుకునే కాలంలో ఈ శ్రేణి పైభాగంలో ఉండడం మేలు. 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో శిక్షణ పొందిన యువ క్రీడాకారులకు రెండు వారాల పాటు అవసరమైన శక్తిలో 60 శాతమే ఇచ్చారు. కిలోకు 1 గ్రాము మాంసకృత్తులు తిన్నవారు 1.6 కిలోల కండ భాగాన్ని పోగొట్టుకోగా, 2.3 గ్రాములు తిన్నవారు 0.3 కిలోలు మాత్రమే పోగొట్టుకున్నారు.

మన 60 కిలోల క్రీడాకారునికి కిలోకు 1.6 నుంచి 2 గ్రాముల లెక్కన రోజుకు 96 నుంచి 120 గ్రాములు కావాలి. ఇది ఖరీదైన డబ్బాలతోనే సాధ్యమనుకోవడం పొరపాటు. ఉదయం రెండు పెసరట్లు, రెండు కోడిగుడ్లు, ఒక గ్లాసు పాలు తీసుకుంటే సుమారు 34 గ్రాములు లభిస్తాయి. మధ్యాహ్నం అన్నంతో పాటు గట్టి పప్పు, 120 గ్రాముల చేప, ఒక కప్పు పెరుగు తింటే సుమారు 40 గ్రాములు. సాయంత్రం ఒక గుప్పెడు ఉడికించిన శనగలు తింటే 8 గ్రాములు. రాత్రి మూడు చపాతీలు, 100 గ్రాముల కోడిమాంసం, కొంచెం పెరుగు తింటే సుమారు 34 గ్రాములు. మొత్తం 115 గ్రాములు దాటుతుంది. పుదుచ్చేరి, యానాం వంటి తీరప్రాంతాల్లో కానాగంతలు వంటి చేపలు అందుబాటులో ఉంటాయి కనుక ఇది మరింత సులభం. శాకాహారులు పప్పుల మోతాదు పెంచి, పనీరు, సోయాతో చేసిన మీల్‌మేకర్ చేర్చుకోవచ్చు.

మాంసకృత్తులను ఒకే పూట కుప్పగా తినడం కంటే మూడు నాలుగు పూటలకు పంచుకోవడం మంచిది. ఒక్కో పూటకు 20 గ్రాములకు తగ్గకుండా చూసుకోవాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని సలహా లేకుండా మాంసకృత్తులు పెంచకూడదు.

అన్నం పూర్తిగా మానేయాలన్న సలహా క్రీడాకారులకు తగదు. తీవ్రమైన శిక్షణకు ఇంధనం పిండిపదార్థమే. తగ్గించవలసినవి చక్కెర పానీయాలు, వేపుళ్ళు, మైదా తినుబండారాలు. అన్నం, ఇడ్లీ, చపాతీ, పండ్లు శిక్షణకు ముందూ తరువాతా ఉండేలా భోజన వేళలను సర్దుకోవాలి.

వ్యాయామం, నిద్ర

కొవ్వు తగ్గాలంటే పరుగు పెంచి, బరువులు మానేయాలన్న అభిప్రాయం బలంగా ఉంది. జరగవలసినది దీనికి విరుద్ధం. కండ అవసరమన్న సంకేతం దేహానికి బరువులతో చేసే వ్యాయామం నుంచే అందుతుంది. వారానికి రెండు మూడు సార్లు బరువులెత్తడం కొనసాగించాలి. తిండి తక్కువైన రోజుల్లో కోలుకోవడం ఆలస్యమవుతుంది కనుక చేసే వరుసల సంఖ్యను కొంత తగ్గించవచ్చు కాని, ఎత్తే బరువును తగ్గించకుండా ఉండడం మేలు. వ్యాయామశాల అందుబాటులో లేనివారికి మన తాలింఖానాల నాటి దండీలు, బస్కీలు, తాడు ఎక్కడం ఇప్పటికీ పనికివస్తాయి.

నిద్ర ప్రభావం చాలామంది ఊహించని స్థాయిలో ఉంటుంది. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో అధిక బరువు గల పదిమందికి ఒకే రకమైన మితాహారం ఇచ్చారు. రెండు వారాలు 8.5 గంటల నిద్రకు, మరో రెండు వారాలు 5.5 గంటల నిద్రకు అవకాశమిచ్చారు. తగ్గిన బరువు దాదాపు సమానమే. కాని నిద్ర తగ్గినప్పుడు కరిగిన కొవ్వు 55 శాతం తక్కువ, పోయిన కండ భాగం 60 శాతం ఎక్కువ. వారు క్రీడాకారులు కారు. అయినా అర్ధరాత్రి వరకు ఫోను చూసి తెల్లవారుజామున మైదానానికి వెళ్ళే యువత గమనించవలసిన ఫలితమిది.

తక్కువ తినడానికీ ఒక హద్దు ఉంది

శిక్షణకు ఖర్చయిన శక్తి పోగా దేహపు మిగిలిన పనులకు మిగిలే శక్తిని నిపుణులు ‘లభ్యశక్తి’గా లెక్కిస్తారు. గుండె, మెదడు, ఎముకలు, రోగనిరోధక వ్యవస్థ, హార్మోన్లు అన్నీ దీనిపైనే నడుస్తాయి. కొవ్వు కాని దేహబరువులో ప్రతి కిలోకు రోజుకు 30 కిలోకేలరీల కంటే తక్కువ మిగిలితే ప్రమాదం పెరుగుతుందన్నది ఒక స్థూలమైన గీటు.

మన ఉదాహరణనే తీసుకుందాం. 60 కిలోల క్రీడాకారునిలో 15 శాతం కొవ్వు ఉంటే, కొవ్వు కాని బరువు 51 కిలోలు. అతడు రోజుకు 2,700 కిలోకేలరీలు ఖర్చు చేస్తాడనీ, అందులో 600 శిక్షణకు పోతాయనీ అనుకుందాం. రోజుకు 460 తగ్గించి 2,240 తింటే, శిక్షణ ఖర్చు పోగా 1,640 మిగులుతాయి. అంటే కిలోకు 32. ఇది హద్దుకు పైనే ఉంది. తొందరపడి 1,000 తగ్గించి 1,700 మాత్రమే తింటే మిగిలేది 1,100. అంటే కిలోకు 22 కూడా ఉండదు. బయటికి రెండూ ‘డైటింగ్’గానే కనిపిస్తాయి. దేహానికి మాత్రం రెండూ ఒకటి కావు.

ఈ శక్తిలోటు వల్ల కలిగే అనారోగ్యాన్ని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణుల బృందం 2014లో ప్రత్యేకంగా నిర్వచించింది. 2018లోనూ 2023లోనూ ఆ వివరాలను సవరించింది. ఇది పురుషులకూ స్త్రీలకూ వస్తుంది. ఎడతెగని అలసట, తరచూ జలుబు, మానని గాయాలు, చిరాకు, శిక్షణ చేస్తున్నా తగ్గిపోతున్న సామర్థ్యం, ఎముకల్లో సన్నని పగుళ్ళు దీని లక్షణాలు. బాలికల్లో, యువతుల్లో నెలసరి క్రమం తప్పడం ముఖ్యమైన హెచ్చరిక. వరుసగా మూడు నెలలు నెలసరి రాకపోతే దానిని ‘శిక్షణలో మామూలే’ అని కొట్టివేయకూడదు. వెంటనే వైద్యులను సంప్రదించాలి.

పద్దెనిమిదేళ్ళ లోపు వారి మాటేమిటి?

ఎదిగే వయసులో ఎత్తు, ఎముక, కండ అన్నీ కలిసి పెరుగుతాయి. ఆ వయసులో తూకం పెరగడం లోపం కాదు, ఎదుగుదలకు గుర్తు. నిరుడు ఆడిన విభాగంలోనే ఈ ఏడూ ఆడాలని పిల్లలను పస్తులుంచడం వారి ఎదుగుదలకు అడ్డుపడడమే. ఈ వయసువారిలో వైద్యుడు అవసరమని చెబితే తప్ప తూకం తగ్గించే ప్రయత్నం చేయకూడదు. అమెరికా పాఠశాల కుస్తీ నిబంధనలు బాలురకు 7 శాతం, బాలికలకు 12 శాతం కంటే తక్కువ కొవ్వుకు దిగడాన్ని అనుమతించవు. వారానికి దేహబరువులో 1.5 శాతానికి మించి తగ్గడాన్ని కూడా అవి ఒప్పుకోవు. అది గరిష్ఠ హద్దే గాని లక్ష్యం కాదు.

తల్లిదండ్రులూ శిక్షకులూ గుర్తుంచుకోవలసిన మాట మరొకటి ఉంది. అందరి ఎదుట తూకం చూసి వ్యాఖ్యానించడం, ‘లావయ్యావు’ అని ఎగతాళి చేయడం పిల్లలను దొంగచాటు ఉపవాసాలకూ, తిన్నది కక్కుకోవడానికీ నెడుతుంది. పిల్లలు భోజనాల వేళ తప్పించుకుంటున్నా, తిన్న వెంటనే స్నానాలగదికి వెళుతున్నా పెద్దలు గమనించి, మందలించక మాట్లాడాలి.

మాత్రలు, పొడులు

మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు తూకాన్ని త్వరగా దించుతాయి. అవి పోగొట్టేది నీటినీ లవణాలనే. గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. పైగా ప్రపంచ మాదకద్రవ్య నిరోధక సంస్థ జాబితాలో అవి పోటీల సమయంలోనే కాక అన్ని వేళలా నిషిద్ధం. మూత్రంలో అవి బయటపడితే తూకం కోసమే వాడానన్న సంజాయిషీ చెల్లదు.

కొవ్వు కరిగిస్తామంటూ, కండ పెంచుతామంటూ అమ్మే పొడుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. డబ్బాపై రాయని నిషిద్ధ పదార్థాలు కొన్నింటిలో కలిసి ఉండవచ్చు. దేహంలోకి ఏది వెళ్ళినా బాధ్యత క్రీడాకారునిదేనని నిబంధనలు చెబుతున్నాయి. కండ పెంచుకోవడానికి ప్రోటీన్ పొడులను వాడవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా సూచించాయి.

ఎలా కొలవాలి?

రోజూ చూసే ఒక్క తూకం మోసం చేస్తుంది. నిద్రలేచి మలమూత్ర విసర్జన తరువాత, ఏమీ తినకముందు తూకం చూసి, వారం సగటును రాసుకోవాలి. దానితో పాటు నడుము చుట్టుకొలత, ఎత్తగలిగే బరువు కూడా రాసుకోవాలి. నడుము తగ్గుతూ, ఎత్తే బరువు నిలకడగా ఉంటే తగ్గుతున్నది కొవ్వే. తూకం తగ్గుతున్నా ఎత్తే బరువు కూడా పడిపోతుంటే కండ పోతున్నదని అనుమానించాలి. అప్పుడు తిండి కొంత పెంచాలి, వేగం తగ్గించాలి.

శిక్షణకు ముందూ వెనుకా తూకం చూసుకోవడం వల్ల మరొక ప్రయోజనం ఉంది. ఆ తేడా చెమట లెక్క. ఒక కిలో తగ్గితే సుమారు ఒకటిన్నర లీటరు నీటిని, కొంచెం ఉప్పు ఉన్న ఆహారంతో పాటు, తరువాతి కొద్ది గంటల్లో నెమ్మదిగా తాగాలి. దేహబరువులో 2 శాతం నీరు పోయినా, ముఖ్యంగా ఎండలో, సామర్థ్యం తగ్గే అవకాశం ఉంది. సముద్రతీరపు ఉక్కలో చెమట సులభంగా ఆరదు కనుక దేహం త్వరగా చల్లబడదు. ఇక్కడివారికి ఈ జాగ్రత్త మరింత అవసరం.

తగ్గడమే దారి కాదు

శ్రీకాకుళం జిల్లాకు చెందిన కర్ణం మల్లీశ్వరి 1994, 1995 సంవత్సరాల్లో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఆమె 63 కిలోల విభాగంలో రజతం గెలిచారు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం సాధించారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా ఆమె చరిత్రకెక్కింది కింది విభాగానికి దిగి కాదు, పై విభాగాలకు ఎక్కి.

అందువల్ల యువ క్రీడాకారులు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ‘ఎన్ని కిలోలు తగ్గాలి’ అన్నది కాదు, ‘తగ్గించడానికి నా దగ్గర నిజంగా కొవ్వు ఉన్నదా’ అన్నది. ఉంటే నెమ్మదిగా, వారాల తరబడి, చాలినంత తింటూ, బరువులెత్తుతూ, నిద్రపోతూ తగ్గించుకోవాలి. లేకుంటే పై విభాగంలో బలంగా ఆడడమే తెలివైన నిర్ణయం. ఆ నిర్ణయం తీసుకోవడానికి ముందు శిక్షకునితో పాటు వైద్యుని, అర్హత గల పోషకాహార నిపుణుని సలహా తీసుకోవడం శ్రేయస్కరం.